ఎవరిని చూసి చేశావు?

జనవరి 9

అత్తా,

నీ మోకాలు ఎలా ఉంది? షాపులో ఆ పాత స్టూలు మార్చమని వంద సార్లు చెప్పాను. తాళాలాయన ఇస్తానన్న కుర్చీ పుచ్చుకుంటే నీ గౌరవమేమీ తగ్గదు. పక్కపక్క షాపుల్లో పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటున్నారు, ఒక కుర్చీ దగ్గర ఇంత పట్టింపేమిటో నాకు అర్థం కాదు.

ఇక నా సంగతి. కొత్త సినిమా మొదలైంది. పన్నెండు నిమిషాలే, కానీ బొమ్మలతో తీసేది కాబట్టి ఏడాది పడుతుంది. నువ్వు ప్రతిసారీ మరిచిపోతావు గనక మళ్ళీ చెబుతున్నాను. బొమ్మ చేతిని వెంట్రుకవాసి జరుపుతారు, ఫోటో తీస్తారు. మళ్ళీ జరుపుతారు, మళ్ళీ తీస్తారు. సెకనుకు ఇరవై నాలుగు ఫోటోలు. వరసగా చూపిస్తే బొమ్మ నడుస్తున్నట్టు ఉంటుంది. కదిపేవాళ్ళు వేరే. బొమ్మను తయారుచేయడం నా పని. ఆరేళ్ళలో మొదటిసారి ముఖ్యమైన బొమ్మ నా చేతికి వచ్చింది. ఇప్పటిదాకా పక్కింటివాళ్ళూ, పోస్టుమ్యానూ, ఒక కుక్కా.

ఈ బొమ్మ యాభై దాటిన ఆడమనిషి. చాలా ఏళ్ళ తర్వాత తన వీధికి తిరిగి వస్తుంది. ఇంటి ముందు నిలబడి తలుపు తట్టాలా వద్దా అని ఆలోచిస్తుంది. అంతే కథ. మాటలు లేవు. అంతా ముఖంలోనూ, మెడ వంపులోనూ కనబడాలి.

అందుకే నీతో పని పడింది. పైకి కనబడే చర్మం, బట్టలు ఒకెత్తు. లోపల ఇనుప ఎముకల గూడు ఒకెత్తు. మెడైనా మోచెయ్యైనా కీలు ఒకటే రకం: చిన్న గుండు, దాన్ని రెండు వైపులా పట్టుకునే రేకులు, బిగించడానికి ఒక మర. బజారులో దొరికేవి మొరటుగా ఉన్నాయి. మన బొమ్మ ఎత్తు జానెడు. దాని మెడకు మూడు మిల్లీమీటర్ల గుండు కావాలి. అంత సన్నపు పని గడియారాలు బాగుచేసే చెయ్యి తప్ప ఇంకో చెయ్యి చేయలేదు. మెడకు రెండు, మణికట్లకు రెండు, చీలమండలకు రెండు. కొలతల కాగితం ఇందులోనే ఉంది. తల తిప్పితే తిరగాలి, వదిలితే అక్కడే ఆగాలి.

ఫోన్లో చెబితే నీకు సగం వినబడదు, వినబడినట్టు సరే సరే అంటావు. అందుకే ఉత్తరం.

నీ పిచ్చుక


జనవరి 18

పిచ్చుకకు,

కీళ్ళు ఆరూ దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాను. మెడవి రెండూ మూడుసార్లు చేశాను, మొదటి రెండుసార్లూ నాకే నచ్చలేదు. తెరిచేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరుచుకో. కింద పడితే నీ కళ్ళకు దొరకవు, ఊడ్చేవాళ్ళ చీపురుకే దొరుకుతాయి.

మోకాలు ఉన్నచోటే ఉంది. తాళాలాయన దగ్గర కుర్చీ పుచ్చుకుంటే రేపు టీ అంటాడు, ఎల్లుండి వాళ్ళ చెల్లెలి కాపురం కష్టాలు మొదలుపెడతాడు. నా స్టూలు నాకు చాలు.

నువ్వు రాసిన కథ గురించి ఆలోచించాను. ఎవరు రాశారది? వాళ్ళకు ఎవరు చెప్పారు? ఆవిడ అన్నేళ్ళూ ఎక్కడుండి వచ్చింది? ఆ ఇంట్లో ఎవరున్నారు? చివరికి తలుపు తట్టిందా లేదా? ఇవేవీ రాయలేదు నువ్వు. నువ్వు సగం రాసి ఊరుకునే పిల్లవు కాదు. చిన్నప్పుడు బడిలో ఏం జరిగిందో చెప్పమంటే గంట కొట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టేదానివి.

ఇంకొకటి. మీ బాబాయి మీ వైపు వచ్చాడని విన్నాను. నిన్ను కలిశాడా? ఏం మాట్లాడాడు? ఊరికే అడుగుతున్నాను.

అత్త


ఫిబ్రవరి 6

అత్తా,

కీళ్ళు చూసి మా పొడుగాయన, అదే, ఎముకల గూళ్ళ విభాగం పెద్దాయన, ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పి చూశాడు. తర్వాత, మీ అత్తగారు ఉద్యోగానికి వస్తారా అని అడిగాడు. రారు, ఆవిడకు పక్క షాపు కుర్చీయే పడదు అన్నాను. చీలమండలు కొంచెం గట్టిగా ఉన్నాయి గానీ అదే మంచిదయింది. బొమ్మ పాదంలోకి బల్ల కింద నుంచి మర బిగిస్తాం. చీలమండ వదులైతే మనిషి తూలుతుంది.

నీ ప్రశ్నలకు జవాబులు. కథ దర్శకుడిదే. వాళ్ళ మేడ ఎదురుగా ఒకావిడ చాలాసేపు నిలబడి వెళ్ళిపోవడం ఎప్పుడో చూశాడట. ఎవరో, ఎందుకు వచ్చిందో అతనికీ తెలియదు. తలుపు తట్టాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. నీకేమనిపిస్తుంది అని నన్నడిగాడు. తట్టాలి అన్నాను. అంత దూరం వచ్చి తట్టకుండా పోవడం ఏమిటి?

బాబాయి వచ్చాడు. స్టూడియో చూస్తానన్నాడు, గంటసేపు కూర్చుని పాత సంగతులు చెప్పి నవ్వించాడు. వెళ్తూ గొడుగు మరిచిపోయాడు. నీకు చెప్పలేదా?

ఇక అసలు విషయం. ముఖం కుదిరింది. తొమ్మిది రోజులు పట్టింది. మొదట చేసిన మూడు తలలు చెత్తబుట్టలో పడేశాను. ఒకదానికి ముక్కు మరీ బొమ్మలా వచ్చింది, ఒకటి ఏం చేసినా నవ్వుతూనే ఉంది. నాలుగోది పట్టుబడింది. ఇంకా మట్టిదే, దీని అచ్చు తీసి మెత్తటి రబ్బరు పోస్తాం. మా వాళ్ళంతా దాని చుట్టూ తిరిగి చూసి, ఈవిడ ఇప్పుడే ఏదో అనబోయేట్టుంది అన్నారు. ఫోటో పెడుతున్నాను. జాగ్రత్తగా చూసి చెప్పు, ఎవరైనా గుర్తొస్తున్నారా?

నీ పిచ్చుక


ఫిబ్రవరి 13

నీ ఫోటో అందింది.

ఎవరిని చూసి చేశావు? ఫోటో ఎవరిచ్చారు? మనింట్లో పాత ఫోటోలన్నీ పైపు పగిలినప్పుడు నీళ్ళలో పోయాయని నీకు తెలుసు. మిగిలినవి మీ బాబాయి దగ్గరే ఉన్నాయి. వాడు వచ్చి గంటసేపు కూర్చున్నాడు, పాత సంగతులు చెప్పాడు, ఆ తర్వాత ఈ ముఖం కుదిరింది. మంగళవారం వాడి ఇంటికి వెళ్ళి ఆల్బం తీయమన్నాను. రెండు చోట్ల ఫోటోలు లేవు, జిగురు మరకలు మాత్రం ఉన్నాయి. ఎప్పుడో ఊడిపోయాయి అంటాడు. వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు ఎర్రబడలేదు, కానీ ఈ వయసులో చెవులు కూడా ఆరితేరి ఉంటాయి.

ఎవరైనా గుర్తొస్తున్నారా అని అడిగావు. ఆ అడగడంలోనే ఉంది. నన్ను పరీక్షించాలనుకుంటే ఎదురుగా వచ్చి అడుగు. జానెడు బొమ్మను అడ్డం పెట్టుకుని అడగకు.

అత్త


ఫిబ్రవరి 20

అత్తా,

నీ ఉత్తరం చూసి భయపడ్డాను. బాబాయి ఫోన్ చేశాడు. నువ్వు అల్మారా కింద అర దాకా వెతికావట, మంచినీళ్ళు ఇస్తే తాగలేదట, బాగా నొచ్చుకున్నాడు. నన్ను నమ్మదు సరే, నిన్నెందుకు అనుమానిస్తోంది అని అడిగాడు. తాళాలాయనకు కూడా ఫోన్ చేశాను, నీ ఒంట్లో ఎలా ఉందో కనుక్కుందామని. ఈ మధ్య గడియారం విప్పి బిగించడం మరిచిపోయి కూర్చుంటున్నావట. ఏమైనా జబ్బు దాస్తున్నావా? నాకు చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్తున్నావా?

బొమ్మ సంగతికి వస్తే, ఒప్పుకుంటున్నాను. ఫోటో ఏదీ నాకు ఎవరూ ఇవ్వలేదు. ఫోటో నాకెందుకు, కళ్ళారా చూస్తూనే ఉన్నాను కదా. ఆ నిలబడే తీరు, మెడ ముందుకు వంచి చూడడం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉండడం, అన్నీ అక్కడి నుంచే తీసుకున్నాను. అడిగితే వద్దంటావని అడగలేదు. నువ్వు ఇట్టే పోల్చుకుంటావని తెలుసు. దాచాలని కాదు. సినిమా అంతా అయ్యాక పక్కన కూర్చోబెట్టి చూపించి చెబుదామనుకున్నాను. ఇంత బాధ కలుగుతుందని ఊహించలేదు, క్షమించు. నా మీద ఎంత ప్రేమ ఉందో తెలుసు కాబట్టే ఆ చొరవ తీసుకున్నాను.

కోపం తగ్గాక రాయి. ముందు మోకాలు, తర్వాత ఆరోగ్యం, ఆ తర్వాతే తిట్లు.

నీ పిచ్చుక


మార్చి 2

పిచ్చుకకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఫోటో నాకెందుకు, కళ్ళారా చూస్తూనే ఉన్నాను అన్నావు. ఎప్పటి నుంచి? ఎక్కడ కలుస్తున్నారు? సెలవులకు వచ్చి నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నప్పుడు కూడా అంతకు ముందే ఆమెను చూసి వచ్చావా? నీ మీద ఆమెకు ఎంత ప్రేమో నాకు రాసి పంపిస్తావా?

సరే. ఆమె చెప్పింది విన్నావు. నేను చెప్పేది కూడా విను. ఇంక నేను దాచి ప్రయోజనం లేదు.

మీ అమ్మ చెడ్డ మనిషని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను. నీకు నాలుగేళ్ళప్పుడు ఆమెకు రెండో కాన్పు. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత మనిషి మనిషిలా లేదు. పొయ్యి మీద గిన్నె పెట్టి దాని ముందే నిలబడి మాడిపోయేదాకా చూసేది. మీ నాన్న, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుందిలే అనేవాడు. వాడికి ఏదైనా అదే సర్దుకోవాలి.

ఒక మధ్యాహ్నం నిన్ను తీసుకుని బయటికి వెళ్ళింది. బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు అని చెప్పి వెళ్ళిపోయింది. ఊరంతా వెతికి నేను నిన్ను చూసేసరికి సాయంత్రం అయిదు. బెంచీ దిగలేదు నువ్వు. దిగొద్దని చెప్పింది కాబట్టి దిగలేదు. గౌను తడిసిపోయి ఉంది. నన్ను చూసి ఏడవలేదు. నిన్నెత్తుకుంటే, అమ్మ వస్తుంది, ఇక్కడే ఉండాలి అన్నావు. ఆ మాట నేను ఇప్పటికీ మోస్తున్నాను.

ఆమె రెండు రోజుల తర్వాత దొరికింది. ఆస్పత్రిలో చేర్చాం. ఏడాదిన్నర ఉంది. నేను నా గది ఖాళీ చేసి మీ ఇంటికి వచ్చాను. నువ్వు రోజూ అడిగేదానివి. ఒకరోజు నీ తల దువ్వుతుంటే మళ్ళీ అడిగావు. జ్వరమొచ్చి చనిపోయింది అన్నాను. నోరు జారిందని ఇప్పుడు అనను. అనాలనే అన్నాను. మీ నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. పోయేదాకా కాదనలేదు.

ఆమె నయమై వచ్చింది. మన వీధికే వచ్చింది, తలుపు కూడా తట్టింది. నేనే తీశాను. లోపల నువ్వు నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంటున్నావు. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. ఇప్పుడే కుదుటపడింది పిల్ల, మళ్ళీ చెదరగొట్టకు అన్నాను. ఆమె గొడవ చేయలేదు. చేసి ఉంటే బహుశా లోపలికి రానిచ్చేదాన్నేమో. తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏటా ఒకసారి, అక్టోబరులో, షాపుకు వచ్చేది. చిన్న చేతిగడియారం కౌంటరు మీద పెట్టి, ఆగిపోతోంది చూడండి అనేది. దానికి ఏ జబ్బూ లేదు. నేను కంటికి అద్దం పెట్టుకుని, మూత తీసి, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ శుభ్రం చేసేదాన్ని. ఆ అద్దం పెట్టుకుంటే ఎదుటి మనిషి ముఖం కనబడదు, అదొక సుఖం. ఆ అరగంటా నీ గురించి చెప్పేదాన్ని. ఏ క్లాసు, ఎన్ని మార్కులు, కాలు బెణికిన సంగతి, బొమ్మల బడిలో చేరిన సంగతి. వినేది, గడియారం తీసుకునేది, వెళ్ళేది. ఇరవై మూడేళ్ళు. ఒక్క ఏడు కూడా తప్పలేదు.

అందుకే నీ ఫోటో కవర్లోంచి తీసేసరికి నా చేతిలో గడియారం మరలు పట్టే శ్రావణం కింద పడింది. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉండడం, పెదవి బిగపట్టడం, అచ్చం మొన్న అక్టోబరులో కౌంటరు అవతల నిలబడ్డ మనిషే.

నన్ను ఏమన్నా అను. కానీ నా వెనకాల కాదు.

అత్త


మార్చి 8

అత్తగారికి,

మీ ఉత్తరం అందింది.

నేను రాసింది మీ గురించి. బొమ్మ నిలబడే తీరు మీది. మెడ ముందుకు వంచి చూడడం మీది. కౌంటరు వెనక నుంచి లేచాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడం మీది. మిమ్మల్ని అడగకుండా ముసలమ్మలా చేశానని కోపం వచ్చిందనుకుని క్షమించమన్నాను. కళ్ళారా చూస్తున్నానన్నది మిమ్మల్నే. పాతికేళ్ళుగా చూస్తున్నది మిమ్మల్నే.

ముఖం నాది. మా పనిలో అందరం బల్ల మీద అద్దం పెట్టుకుని మా ముఖమే చూస్తూ చేస్తాం. పెదవి బిగపడితే బుగ్గ ఎక్కడ ముడుచుకుంటుందో తెలియాలంటే బిగపట్టి చూసుకోవడమే. నా ముఖానికే పాతిక, ముప్పై ఏళ్ళు కలిపాను. ఆ కనుబొమ్మ నా కనుబొమ్మే. రోజూ దాన్ని చూస్తూ మీరు ఏమీ అనుకోలేదంటే నమ్మలేకపోతున్నాను.

మా అమ్మను నేను కలవలేదు. మా అమ్మ బతికి ఉందని నాకు నిన్న ఉదయం పదకొండున్నరకు, పని బల్ల దగ్గర, మీ ఉత్తరం చదువుతుంటే తెలిసింది. పక్కన ఉన్నవాళ్ళు ఏమైందని అడిగితే కీలు విరిగిందని చెప్పాను. చూశారా, నాకూ వచ్చు.

తల దువ్వుతూ చెప్పిన రోజు నాకు గుర్తుంది. మీరు చెప్పేసి దువ్వడం ఆపలేదు. ఆగకుండా దువ్వుతూనే ఉన్నారు కాబట్టి అది పెద్ద విషయం కాదేమో అనుకున్నాను.

బాబాయికి తెలుసు కదా? ఆ గంటసేపూ నన్ను నవ్విస్తూ కూర్చున్నప్పుడు కూడా తెలుసు కదా? ఎవరెవరికి తెలుసు? తాళాలాయనకు తెలుసా? ఏటా వచ్చే మనిషిని పక్క షాపులోంచి ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా చూసి ఉంటాడు. ఇప్పుడు ప్రతి మనిషి ముఖమూ తిప్పి చూడాలనిపిస్తోంది, వెనక ఏ మర బిగించారో అని.

ఆమె ఎక్కడుంది? ఆ ఒక్కటీ రాయండి. మిగతావి వద్దు. మీరు రాసినదాంట్లో ఇంకా ఏమేం వదిలేశారో ఎలాగూ నాకు తెలియదు.

పిచ్చుక


మార్చి 13

పిచ్చుకకు,

మీరు అని రాశావు. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి. మొదటి పేజీలో దాన్ని దాటి ముందుకు వెళ్ళడానికి నాకు చాలాసేపు పట్టింది.

రిపేరు చీటీల పుస్తకంలో ఆమె చిరునామా ఉంది. వచ్చినప్పుడల్లా రాయించేదాన్ని, ఏటా అదే రాసేది. మొన్న అక్టోబరు చీటీ చింపి ఇందులో పెట్టాను. మీ దగ్గరి నుంచి రెండు బస్సులు మారాలి.

బాబాయికి తెలుసు. నేను ఒట్టు పెట్టించుకున్నాను కాబట్టి చెప్పలేదు, వాడి తప్పేమీ లేదు. ఆదివారం వెళ్ళి క్షమించమన్నాను. తలుపు తీశాడు, కూర్చోమన్నాడు, క్షమించాననలేదు. ఆల్బంలోంచి రెండు ఫోటోలూ తీసింది నేనేనని, ఇరవై ఏళ్ళ కిందట నా చేతులతోనే చింపానని వాడే గుర్తుచేశాడు. నిజంగానే మరిచిపోయాను. చింపింది మరిచిపోయి, వాడు దొంగిలించాడని వెతికాను. తాళాలాయనకు ఏమీ తెలియదు. ఎవరో పాత గిరాకీ అనుకుంటాడు.

నీ ముఖంలో ఆమెను చూడలేదా అని అడిగావు. చూశాను. నీకు పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. అందుకే నువ్వు అద్దం ముందు ఎక్కువసేపు నిలబడితే విసుక్కునేదాన్ని.

నేనూ వస్తానని అడగాలని ఉంది. అడగను. ఒక్క మాట చెబుతాను, కోప్పడకు. ఆమె చెప్పేదంతా ఒకేసారి నమ్మేయకు.

అత్త


మార్చి 27

అత్తగారికి,

శనివారం వెళ్ళాను. చెప్పులు కుట్టే షాపు పైన, మూడో అంతస్తులో ఒక గది. హోటళ్ళ నుంచి వచ్చిన చిరిగిన దుప్పట్లు, తువ్వాళ్ళు బాగుచేసే చోట పనిచేస్తుంది. గదిలో కుట్టు మిషను, ఒక మంచం, కిటికీ దగ్గర రెండు కుర్చీలు.

తలుపు తట్టాను. తీసింది. ఎవరు అని అడగలేదు. చాలాసేపు చూసి, మీ అత్తకు తెలుసా నువ్వొచ్చినట్టు, అని అడిగింది. నేను విన్న మొదటి మాట అదే. తెలుసు, చిరునామా ఆవిడే ఇచ్చింది అన్నాను. అప్పటికీ పక్కకు జరగలేదు. మెట్ల వైపు తొంగి చూసింది, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. తర్వాత లోపలికి రానిచ్చింది.

మేం ఏడవలేదు, కౌగిలించుకోలేదు. టీ పెట్టింది. నాకు చక్కెర ఎక్కువ కావాలని ఆమెకు తెలుసు. ఏడో క్లాసులో లెక్కల్లో తప్పానని, తర్వాత మళ్ళీ రాసి పాసయ్యానని తెలుసు. కాలు బెణికింది కుడిదని తెలుసు. ఈ సినిమా సంగతి ఒక్కటే తెలియదు. ఎదురుగా ముక్కూ మొహమూ తెలియని మనిషి కూర్చుని నా జీవితం నాకే అప్పజెబుతుంటే ఎలా ఉంటుందో మీరు ఊహించలేరు. కోపం వచ్చింది. అంతా తెలిసి ఒక్కసారి కూడా ఎందుకు రాలేదని అడిగాను.

అప్పుడు ఆమె అంది, "రావద్దన్నావు కదా."

నేనెప్పుడన్నాను అన్నాను.

"ఏటా అడిగేదాన్ని. ఈ ఏడైనా చూస్తానంటుందా అని. ఆ బెంచీ నువ్వు మరిచిపోలేదని, నా మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతావని మీ అత్త చెప్పేది. నీకు ఇష్టం లేనప్పుడు నేనెలా వస్తాను?"

నాకు ఆ బెంచీ గుర్తే లేదు అత్తగారూ. మీ ఉత్తరం చదివేదాకా అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. ఆ మాటే చెప్పాను. నువ్వు చనిపోయావని చెప్పారు నాకు అని కూడా చెప్పాను.

చేతిలోని కప్పు కింద పెట్టింది. ఎప్పుడు పోయానన్నారు అని అడిగింది. నాకు అయిదేళ్ళప్పుడు, జ్వరంతో, అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నేను ఆస్పత్రిలో ఉండగానే అన్నమాట, అంది. లేచి వెళ్ళి కడిగిన గిన్నెలనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నేను వెనక నిలబడి చూశాను. ఏం చేయాలో తెలియలేదు. పక్కన గుడ్డ ఉంటే తీసుకుని, ఆమె కడిగినవి తుడిచి పెట్టాను. అలా అన్నీ అయ్యేదాకా.

నాకు చనిపోయిందని చెప్పారు. ఆమెకు నేను అసహ్యించుకుంటున్నానని చెప్పారు. మొదటిది రాశారు. రెండోది రాయలేదు. ఆమె మాట నమ్మొద్దని మాత్రం ముందే రాసిపెట్టారు.

అయినా ఆమె చెప్పేదీ నేను పూర్తిగా నమ్మలేదు. ఆ రెండు రోజులూ ఎక్కడికి వెళ్ళావు, నన్ను అక్కడెందుకు వదిలావు అని అడిగితే, గుర్తులేదు అంది. అనేముందు కిటికీ వైపు చూసింది. మీరిద్దరూ నాకు ముక్కలు ముక్కలుగానే ఇస్తున్నారు. ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు దాచుకుంటున్నారు. వాటిని అతికించుకుంటూ నేను ఇంక తిరగలేను.

కాబట్టి ఇలా చేద్దాం. ఏప్రిల్ రెండో ఆదివారం స్టూడియో వెనక గది ఖాళీగా ఉంటుంది. ఆమెను రమ్మన్నాను. మీ అత్త వస్తుందా అని అడిగింది, పిలుస్తానన్నాను. సరే అంది. మీరు కూడా రండి. ఇద్దరూ ఒకే గదిలో, ఒకరి ఎదుట ఒకరు కూర్చుని, మొదటి నుంచీ నాకు చెప్పండి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినాలి. తప్పు చెబితే అక్కడే ఆపాలి. అలాగైతేనే నమ్ముతాను. రాకపోతే ఇదే నా చివరి ఉత్తరం.

మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. అది రాయడానికి ఇది రాయలేదు.

పిచ్చుక


ఏప్రిల్ 3

పిచ్చుకకు,

వస్తాను. ఉదయం ఏడున్నర బస్సుకు బయలుదేరితే పదకొండింటికి మీ స్టూడియో దగ్గర ఉంటాను. గేటు దగ్గర ఎదురుచూడాల్సిన పని లేదు, అడిగి వస్తాను.

ఆమె నీకు చెప్పింది నిజం. ఆ మాట నేనన్నాను. మొదటిసారి అన్నప్పుడు ఆ ఒక్క ఏడాదికే అనుకున్నాను. నీకు అప్పుడు ఎనిమిదేళ్ళు, పరీక్షలు. తర్వాతి ఏడు కూడా ఏదో ఒకటి ఉండేది. కొన్నేళ్ళయ్యాక కారణం వెతుక్కునే అవసరం కూడా లేకపోయింది, ఆమె అడిగేది, నేను అదే చెప్పేదాన్ని. ఇద్దరికీ అలవాటైపోయింది. అది ఎందుకు రాయలేదని అడుగుతావు. మొదటి అబద్ధం నీకోసం అని చెప్పుకోవచ్చు. రెండోది ఎవరికోసమో నాకు తెలుసు. నువ్వు ఆమెను చూస్తే నా దగ్గర ఉండవని. అంతే, దానికి ఇంకో పేరు లేదు.

ఇప్పటిదాకా ఈ సంగతి నేను ఎవరితోనూ గట్టిగా అనలేదు. నిన్న షాపులో ఎవరూ లేనప్పుడు ఒకసారి పైకి అని చూసుకున్నాను, ఎలా ఉంటుందోనని. నోరు మొదటి వాక్యంలోనే, ఆ పరిస్థితుల్లో ఎవరైనా అలాగే చేస్తారు అంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి, మీ నాన్న కూడా ఒప్పుకున్నాడు అంది. మూడోసారి ఇంక ప్రయత్నించలేదు.

అందుకని ఒక్కటి అడుగుతున్నాను, కాదనకు. ఆదివారం ముందు ఆమెనే చెప్పనివ్వు. ఎంతసేపైనా సరే, మధ్యలో నేను నోరెత్తితే నువ్వే ఆపు. నేను మొదలుపెట్టానంటే మళ్ళీ నాకు అనుకూలంగానే చెప్పుకుంటాను.

అత్త